అయ్యగారి చేతిలో మైకు, అమ్మ చేతిలో ఫోన్

పోయిన వేసవిలో అమ్మకి కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. ముందు రోజు రాత్రి మా ఊరి చర్చి వాట్సాప్ నంబరుకి ఒక మెసేజ్ పెట్టమని నన్ను అడిగింది. ఆదివారం ఆరాధన లైవ్ వస్తున్నప్పుడు స్క్రీన్ అడుగున ఆ నంబరు పరిగెడుతూ ఉంటుంది, "మీ ప్రార్థన మనవులు తెలియజేయండి" అని. అమ్మ చెప్తుంటే నేను టైప్ చేశాను. కంటి సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి అసలు విషయానికి వచ్చింది. మీ నాన్న పోయాక ఒక్కదాన్నే ఆసుపత్రి మంచం ఎక్కడం ఇదే మొదలు, భయంగా ఉందని రాయి అంది. రాశాను. రెండు సెకన్లలో జవాబు: "వందనాలు! మీ ప్రార్థన మనవి మాకు అందినది. దైవజనులు మీ కొరకు ప్రార్థించుచున్నారు. మా ఛానల్‌ను సబ్‌స్క్రైబ్ చేసుకొనగలరు." చివర మూడు దండాల బొమ్మలు.

అమ్మ సంబరపడిపోయింది. "చూశావా, ఇంత రాత్రప్పుడు కూడా అయ్యగారు మేలుకునే ఉన్నారు" అంది. అయ్యగారంటే మా పాస్టరు. అది మిషను పంపిన జవాబని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మర్నాడు తనకే తెలిసిపోయింది. పక్కింటి పిన్ని కోడలి కానుపు గురించి పెడితే ఆవిడకీ అక్షరం పొల్లు పోకుండా అదే వచ్చింది మరి. అమ్మ ఏమీ అనలేదు. ఫోన్ బోర్లా పెట్టేసింది.

ఆ రోజు నుంచీ నా బుర్రలో ఇదే తిరుగుతోంది. మతం వాళ్లకి కొత్త మిషన్లంటే భయమని మనలో ఒక గట్టి నమ్మకం ఉంది. చరిత్ర తిరగేస్తే అంతా ఉల్టా. అచ్చుయంత్రం తెచ్చిన గుటెన్‌బర్గ్ అనగానే బైబిలు గుర్తొస్తుంది కదా, ఆ బైబిలు బయటికి రాకముందే 1454లో మైన్జ్‌లో ఆ కొత్త అచ్చులతో పాపక్షమాపణ పత్రాలు వేశారు. కొనుక్కున్నవాడి పేరు రాయడానికి మధ్యలో ఖాళీ వదిలిన ఫారాలు అవి. 1517లో మార్టిన్ లూథర్ చర్చితో గొడవకి దిగింది ఆ పత్రాల అమ్మకం మీదే. ఆ గొడవని ఊరూరా మోసింది మళ్లీ ప్రెస్సే. మన భాష సంగతికొస్తే, మిషనరీ విలియం కేరీ బృందం బెంగాల్లోని సీరాంపూర్‌లో ప్రెస్సు పెట్టుకుంది. 1812లో అది తగలబడి అచ్చులన్నీ కరిగి ముద్దయిపోయాయి. మళ్లీ పోతపోసుకుని 1818లో తెలుగు కొత్త నిబంధన తెచ్చారు. భయపడేవాళ్లు చేసే పనులా ఇవి?

రేడియో ప్రసారాలు మొదలై ఇంకా పట్టుమని పదిహేనేళ్లు కాకముందే 1931 ఫిబ్రవరి 12న పోప్ పదకొండో పయస్ వాటికన్ రేడియోలో మాట్లాడాడు. ఆ స్టేషన్‌ని దగ్గరుండి కట్టించింది సాక్షాత్తూ మార్కోనీ. 1958లో పన్నెండో పయస్ టీవీకి ఒక పాలక పునీతురాలిని కూడా ప్రకటించాడు, అస్సీసీ క్లారమ్మని. 13వ శతాబ్దంలో ఆవిడ జబ్బుపడి మంచం దిగలేకపోయిన ఒక క్రిస్మస్ రాత్రి, గుడిలో జరుగుతున్న పూజ తన గది గోడ మీద కనిపించిందట. ఆ లెక్కన లైవ్‌స్ట్రీమ్ వాళ్లకి కూడా ఆవిడే దిక్కు.

కాబట్టి భయం అన్న మాట పక్కన పెడదాం. నాకు కనపడేది వేరు. తమ గొంతుని దూరం తీసుకెళ్లే మిషన్‌ని మతపెద్దలు ఎప్పుడూ గబుక్కున అందుకున్నారు. ఎదుటి మనిషి గొంతుని తమ దాకా తెచ్చే మిషన్ దగ్గరికి వచ్చేసరికే వాళ్లకి పనులు అడ్డొస్తాయి. ఆ పని ఏ కుర్రాడికో అప్పజెప్పేస్తారు. ఇప్పుడైతే ఆ కుర్రాడూ లేడు, ఆటో రిప్లై ఉంది.

గబుక్కున అందుకోని వాళ్లు కూడా ఉన్నారు. నిజం చెప్పాలంటే వాళ్ల వాదనే నాకు ఎక్కువ నచ్చుతుంది. లౌడ్‌స్పీకర్ కొత్తగా వచ్చినప్పుడు మన ఉపఖండంలోని ఉలేమాలు, అంటే ముస్లిం మతపండితులు, నమాజులో దాన్ని వాడొచ్చా అని ఏళ్ల తరబడి తర్కించుకున్నారు. వెనక వరుసల వాళ్లకి వినపడేది ఇమాము గొంతేనా, మిషను పుట్టించిన నకలా? నకలే అయితే, దాన్ని విని వంగి లేచినవాడు ఇమాము వెనక నమాజు చేసినట్టు అవుతుందా? అంతకుముందు పెద్ద మసీదుల్లో ముకబ్బిర్ అని ఒక మనిషి ఉండేవాడు. ఇమాము పలికిన తక్బీర్‌ని, అంటే "అల్లాహు అక్బర్" అన్న మాటని, వెనక వరుసలకి గట్టిగా అందించడం అతని పని. ముఫ్తీ ముహమ్మద్ షఫీ లాంటి పెద్దలు మొదట వద్దన్నారు. తర్వాత శబ్దశాస్త్రం తెలిసినవాళ్లని అడిగి తెలుసుకుని అభిప్రాయం మార్చుకున్నారు. చివరికి మైకే గెలిచింది, ముకబ్బిర్ చాలాచోట్ల పక్కకి తప్పుకున్నాడు. కానీ "ఇది నా గొంతేనా?" అని అంతసేపు ఆగి అడిగారు చూడండి, ఆ ఆగడం నాకు గొప్పగా అనిపిస్తుంది. మా చర్చికి సౌండ్ బాక్సులు కొన్నప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు. ఎన్ని వాట్లు అని మాత్రం అడిగారు. (చెన్నైలో ఒక చర్చి మీద కాలనీవాళ్లు వేసిన కేసులో సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది, మైకులు పెట్టి డప్పులు మోగించి పక్కవాళ్ల ప్రశాంతత చెడగొట్టమని ఏ మతమూ చెప్పలేదని. ఆ తీర్పు మా చింతచెట్టు మీది గొట్టం మైకు దాకా ఇంకా రాలేదు.)

ఇక మా పెద్దయ్యగారి గురించి చెప్పాలి. ఇప్పటి అయ్యగారి నాన్నగారు. కృష్ణా జిల్లాలో మా పేటకి ఆయన సైకిల్ మీద వచ్చేవారు, క్యారేజీ మీద బైబిలు, వంద పేజీల లాంగ్ నోట్‌బుక్. ఆ నోట్‌బుక్ ఆయన టెక్నాలజీ. ఎడమ పేజీలో ఎవరి ప్రార్థన మనవి ఏమిటో రాసేవారు. కుడి పేజీ ఖాళీగా ఉంచేవారు, తర్వాత ఏమైందో రాయడానికి. నెలా రెండు నెలలు గడిచినా కుడి పేజీ ఖాళీగానే ఉంటే సైకిల్ ఆ ఇంటి ముందు ఆగేది. "ఏమ్మా, అబ్బాయి ఉత్తరం రాశాడా?" అని అడిగేవారు. మా ఇంటి లైను ఒకటి చాలాకాలం ఖాళీగా ఉండేది, నాన్న తాగుడు గురించిన లైను. పదకొండేళ్లకి నిండింది.

తొంభైల్లో పాస్టరేజీకి, అంటే అయ్యగారి ఇంటికి, ల్యాండ్‌లైన్ వచ్చింది. పేట మొత్తానికి అదే పీపీ నంబరు. హైదరాబాద్ నుంచి, గల్ఫ్ నుంచి ఎవరు ఫోన్ చేసినా అయ్యగారి భార్య, అమ్మగారు, ఎత్తి, పిల్లాణ్ని పరిగెత్తించి పిలిపించేవారు. పెళ్లి కుదిరిన కబురు, చావు కబురు, డబ్బు అందని కబురు అన్నీ ఆ హాల్లోంచే వెళ్లాయి. ఏ ఇంట్లో ఏముందో అయ్యగారికి తెలిసేది అందుకే. ప్రసంగంలో ఆయన ఏం చెప్పారో నాకు ఒక్కటీ గుర్తులేదు. బాగా చెప్పేవారు కాదనుకుంటాను.

రేడియో కూడా అప్పట్లో పూర్తిగా ఏకపక్షం కాదు. సాయంత్రం షార్ట్‌వేవ్‌లో సీషెల్స్ దీవుల నుంచి ఫెబా అనే క్రైస్తవ రేడియో తెలుగు కార్యక్రమం గరగరమంటూ వచ్చేది. చివర పోస్ట్‌బాక్స్ నంబరు చెప్పేవారు. అమ్మ కార్డు ముక్క రాసేది. మూడు వారాలకి ఎవరో చేత్తో రాసిన జవాబు, అందులో అమ్మ అడిగిన ప్రశ్నకి సమాధానం, ఒక బైబిలు పాఠం కాగితం. ఆ రాసింది ఎవరో అమ్మకి తెలియదు. కానీ తన కార్డు ఎవరో చదివారని తెలుసు.

చెవి కోసం మిషన్ వాడిన మతాధికారి అంటే నాకు ఒక్కరే గుర్తొస్తారు. లండన్‌లో చాద్ వారా అని ఆంగ్లికన్ గురువు. 1935లో లింకన్‌లో ఆయన చేసిన మొట్టమొదటి సమాధి కార్యక్రమం పద్నాలుగేళ్ల పిల్లది. ఆ పిల్లకి మొదటిసారి నెలసరి వచ్చింది. అదేదో చెడ్డ రోగమనుకుని, అడగడానికి మనిషి లేక, ప్రాణం తీసుకుంది. ఆ పిల్ల ఆయన్ని వదల్లేదు. 1953లో లండన్ నడిబొడ్డున సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చికి గురువుగా వెళ్లాక, నవంబర్ 2న అక్కడి ఫోన్‌తోనే పని మొదలుపెట్టారు: చచ్చిపోవాలనిపిస్తే ముందు ఈ నంబరుకి చేయండి అని. జనం ఫోన్లు చేశారు, నేరుగా కూడా వచ్చారు. ఆయన్ని కలవడానికి వరసలో కూర్చున్నవాళ్లకి టీ ఇవ్వడానికి, కాసేపు కబుర్లు చెప్పడానికి కొందరు మామూలు మనుషులు స్వచ్ఛందంగా వచ్చేవారు. కొన్నాళ్లకి ఆయన ఒక సంగతి గమనించారు. టీ తాగుతూ మాట్లాడాక చాలామంది అయ్యగారిని కలవకుండానే తేలికపడి ఇంటికి వెళ్లిపోతున్నారు. వాళ్లకి కావాల్సింది గురువు కాదు, వినే మనిషి. 1954 ఫిబ్రవరిలో ఆ పని మొత్తం టీ ఇచ్చేవాళ్లకే అప్పజెప్పారు. వాళ్లు వాక్యం చెప్పకూడదు, మతం ఊసెత్తకూడదు, వినాలంతే. అదే సమారిటన్స్ సంస్థ. చెన్నైలో 1986లో మొదలైన స్నేహ, మన సికింద్రాబాద్‌లోని రోష్ని హెల్ప్‌లైన్లు నడుస్తున్నది ఆ బాటలోనే. ఆ పాత నల్ల ఫోన్ ఇప్పటికీ ఆ చర్చిలో అద్దాల పెట్టెలో ఉంది.

నాకు ఇందులో ముఖ్యంగా తోచేది ఫోన్ కాదు, అప్పజెప్పడం. మా అయ్యగారి దగ్గర కూడా అప్పజెప్పడం ఉంది. కెమెరాలు మూడు, వాటికి ముగ్గురు కుర్రాళ్లు. మిక్సర్ దగ్గర ఒకడు, పాటల పీపీటీకి ఒక అమ్మాయి, థంబ్‌నెయిల్స్ చేయడానికి ఒకడు, షార్ట్స్ కత్తిరించడానికి ఇద్దరు. ఎనిమిది మంది. అందరూ మంచి పిల్లలు, జీతం లేకుండా చేస్తారు. అయ్యగారి నోటికి ఎనిమిది మంది పనిచేస్తుంటే, చెవికి ఒక ఆటో రిప్లై.

ఇది ఆయనతోనే అన్నాను. చిన్నప్పుడు సండే స్కూల్లో నా పక్కన కూర్చున్నవాడే, నాకంటే రెండేళ్లు చిన్న. నలుగురిలో "అయ్యగారూ" అంటాను, ఇద్దరమే ఉంటే "తమ్ముడూ" అంటాను. నొచ్చుకోలేదు. కాసేపు ఊరుకుని అన్నాడు: "అన్నయ్యా, రోజుకి వంద మెసేజ్‌లు దాటతాయి. సగం మందిని నేను జన్మలో చూడలేదు. నువ్వు నాన్న నోట్‌బుక్ చూశావు. నాన్న బీపీ మాత్రల డబ్బా చూడలేదు. అర్ధరాత్రి ఆ ఫోన్ మోగితే అమ్మ ఎలా ఉలిక్కిపడేదో నాకు తెలుసు." దానికి నా దగ్గర జవాబు లేదు. వినడం మనిషిని తినేస్తుంది. మైకు తినదు. పైగా మైకులో మాట్లాడి దిగాక ఎవరో ఒకరు బాగా చెప్పారంటారు. రాత్రి పన్నెండింటికి ఎవరి ఏడుపో విన్నందుకు సబ్‌స్క్రైబర్లు పెరగరు.

ఇంకో మాట కూడా అన్నాడు. మా ఊరివాళ్లు, పక్క ఊళ్లవాళ్లు కువైట్‌లో ఇళ్లలో పనికి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు, ఎక్కువమంది ఆడవాళ్లే. సెలవు దొరకదు, దొరికినా చర్చి దాకా వెళ్లడానికి సేటు ఒప్పుకోడు. వంటింట్లో గిన్నెలు తోముతూ ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మా చర్చి లైవ్ వింటారు. ఒకావిడ రాసిందట, "ప్రసంగం కోసం కాదయ్యగారూ, మధ్యలో మన ఊరి కోడి కూస్తుంది కదా, అది వింటాను" అని. అది విన్నాక మూడు కెమెరాల మీద నా కోపం సగం చల్లారింది. మిగతా సగం అలాగే ఉంది. ఆవిడ అంత చక్కటి ముక్క రాస్తే, ఆవిడకి వెళ్లిన జవాబు కూడా ఆ మూడు దండాల బొమ్మలదే కదా.

లాక్‌డౌన్ అప్పుడు ఈ గొంతు, చెవి లెక్క బాగా బయటపడింది. 2020 ఏప్రిల్‌లో గుడ్ ఫ్రైడే, ఈస్టర్ రెండూ తలుపులు మూసుకునే అయ్యాయి. దానికి కొద్దిరోజుల ముందే భద్రాచలంలో రాములవారి కల్యాణం భక్తులు లేకుండా జరిగింది, జనం టీవీలో చూశారు. మా చర్చి జూమ్‌లోకి వచ్చింది. ప్రభు బల్ల రోజున ఎవరింట్లో వాళ్లు రొట్టె, ద్రాక్షరసం పెట్టుకోమన్నారు. అమ్మ చపాతీ కాల్చి, నల్ల ద్రాక్ష పిండి, తెల్ల గుడ్డ కప్పి కూర్చుంది. అందర్నీ మ్యూట్‌లో పెట్టారు, లేకపోతే గోలగా ఉంటుందని. ప్రార్థన అయ్యాక అమ్మ నన్నడిగింది: "నా ఆమెన్ వాళ్లకి వినపడలేదు కదా, మరి కలిసినట్టేనా?"

ఈ ప్రశ్న మీద వేదాంతులు చాలా రాశారు. ఇంటర్నెట్‌లో బాప్తిస్మం, ప్రభు బల్ల లాంటి సంస్కారాలు ఉండవని వాటికన్ 2002లోనే ఒక పత్రంలో తేల్చేసింది. 2011లో పాపసంకీర్తనకి, అంటే చర్చిలో పెట్టె లాంటి గదిలో గురువుకి తప్పులు చెప్పుకోవడానికి, సాయపడే ఐఫోన్ యాప్ ఒకటి వస్తే, యాప్ చూసి సిద్ధపడొచ్చు గానీ గురువు ముందు కూర్చుని చెప్పుకోవాల్సిందేనని వాటికన్ ప్రతినిధి స్పష్టం చేశాడు. నేను కాథలిక్‌ని కాను, కానీ ఈ విషయంలో వాళ్ల పట్టుదల నాకు అర్థమవుతుంది. ఆ పెట్టెలో గురువు చేసే మొదటి పని వినడం.

గుళ్లో ఇలాంటి ఘడియ ఒకటుంది. అర్చనకి వెళ్తే పంతులుగారు మంత్రం మధ్యలో ఆగి గోత్రం, పేరు అడుగుతారు చూడండి, ఆయన మన మాట వినే క్షణం అదొక్కటే. 2020 ఆగస్టులో తిరుమలలో ఆన్‌లైన్ కల్యాణోత్సవం మొదలుపెట్టినప్పుడు, ఇంట్లో టీవీ ముందు కూర్చున్న దంపతులు అర్చకులు చెప్పినప్పుడు తమ గోత్రనామాలు తామే చెప్పుకోవాలన్నారు. నా హిందూ మిత్రుడొకడు అలా చేశాడు. వాడు దాన్ని తప్పుపట్టడు: "స్వామి వింటాడు, అర్చకుడు వినకపోతే ఏం" అంటాడు. వాదనగా చూస్తే బలమైనదే. మా అమ్మ కూడా దేవుడు వినలేదని ఎప్పుడూ అనలేదు. అయ్యగారు వినలేదనే ఆవిడ బాధ.

ఇంతలో వినే మిషన్ రానే వచ్చింది. ఏఐ అంటే ముందు అందరూ దాన్ని నోరుగానే వాడారు. 2023 జూన్‌లో జర్మనీలోని ఫ్యూర్త్ పట్టణంలో చాట్‌జీపీటీ రాసిన ఆరాధన నడిపారు. స్క్రీన్ మీద బొమ్మలు ప్రసంగం చెప్తుంటే మూడు వందల మందికి పైగా చూశారు. చప్పగా ఉందన్నవాళ్లే ఎక్కువ. 2024 ఏప్రిల్‌లో అమెరికాలో కాథలిక్ ఆన్సర్స్ అనే సంస్థ ఫాదర్ జస్టిన్ అనే బొమ్మ గురువుని పెట్టింది. తాను నిజం గురువునేనని అతగాడు చెప్పుకున్నాడు, గేటరేడ్ కూల్‌డ్రింక్‌తో బాప్తిస్మం ఇవ్వొచ్చన్నాడు. రెండు రోజుల్లో అంగీ విప్పించి ఉత్త జస్టిన్‌ని చేశారు. ఇవి నవ్వుకుని వదిలేసే సంగతులు.

వదిలేయలేనిది స్విట్జర్లాండ్‌లో జరిగింది. అదే ఏడాది లూసర్న్‌లో ఒక పాత చాపెల్ వాళ్లు పాపసంకీర్తన పెట్టెలో ఏఐ యేసు బొమ్మని పెట్టారు. రెండు నెలల్లో దాదాపు 900 సంభాషణలు నడిచాయి. అభిప్రాయం రాసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది అది ఆత్మీయ అనుభవమే అన్నారు. నేను ఇన్నాళ్లుగా కావాలంటున్న చెవి అదే కదా, మరి నాకెందుకు నచ్చలేదు? ఒక చిన్న వివరం దగ్గర నా కాలు ఆగింది. లోపలికి వెళ్లేవాళ్లని ముందే హెచ్చరించేవారు, మీ వ్యక్తిగత వివరాలు ఏవీ చెప్పకండి అని. డేటా భద్రత కోసం పెట్టిన నియమం, సరైనదే. కానీ నాన్న తాగుడు గురించి, భర్త పోయాక ఒంటరిగా ఎక్కబోయే ఆపరేషన్ బల్ల గురించి చెప్పకూడదంటే, ఆ పెట్టెలో కూర్చుని ఇంకేం చెప్పాలి? పైగా దానికి కుడి పేజీ లేదు. మూడు నెలల తర్వాత సైకిల్ ఆపి, ఏమ్మా కన్ను ఎలా ఉందని అడగదు. రేపు అడిగేలా చేస్తారేమో, రిమైండర్ పెడితే పోయేదానికి అదెంత పని. అప్పుడు కూడా నాకు ఆ సైకిలే కావాలనిపిస్తుంది. ఎండలో తొక్కుకుంటూ వచ్చారన్న సంగతి ఆ అడగడంలో సగం.

తమ్ముడికి నేను చెప్పింది ఒకటే. ఆటో రిప్లై తీసేయొద్దు, అందులో అబద్ధం తీసెయ్. "దైవజనులు ప్రార్థించుచున్నారు" అన్న లైను కొట్టేసి "ఈ వారంలో మన సంఘంలో ఒకరు మీకు ఫోన్ చేస్తారు" అని పెట్టు. ఎనిమిది మంది పిల్లలు దొరికిన చోట, ఫోన్ చేయడానికి ఎనిమిది మంది ఆడవాళ్లు దొరకరా? స్త్రీల కూడికలో అడిగి చూడమన్నాను. "వాళ్లు తప్పు మాటలేమన్నా చెప్తే?" అన్నాడు. చెప్పడానికి కాదు తమ్ముడూ, వినడానికి అన్నాను. ఆలోచిస్తానన్నాడు. లైన్ ఇంకా మారలేదు, నిన్న కూడా చూశాను.

ఆపరేషన్ అయ్యాక వారం రోజులు అమ్మ దగ్గరే ఉన్నాను. రెండో రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి మాటలు వినపడి మెలకువ వచ్చింది. చీకట్లో అమ్మ కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. చిన్న బటన్ ఫోన్, స్పీకర్‌లో పెట్టి ఉంది. కాన్ఫరెన్స్ కాల్. పక్కింటి పిన్ని ఉంది, విజయవాడలో కొడుకు దగ్గరుండే ఒకావిడ ఉంది, ఇంకెవరో ఇద్దరు ముగ్గురు. మూడేళ్లుగా రోజూ నడుస్తోందట, నాకు తెలియదు. అయ్యగారికీ తెలియదనుకుంటాను. ఒకావిడ తన కోడలి గురించి చెప్తూ చెప్తూ ఆగిపోయింది. ఏడుస్తోందో, సిగ్నల్ పోయిందో తెలియడం లేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఫ్యాను చప్పుడు ఒక్కటే. చాలాసేపటికి అటునుంచి చిన్నగా వినపడింది.

"ఉన్నావా వదినా?"

"ఉన్నాను, చెప్పు" అంది అమ్మ.